ఇసుకపై అడుగుజాడలు

తెల్లవారుటకు ఇంకను గంటకు పైగా పొద్దున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని యూటా రాష్ట్రమున, కాన్యన్‌లాండ్స్ జాతీయోద్యానమున, ఒక లోయ అంచున పదిమంది మనుష్యులు చలికి ముడుచుకొని వరుసగా నిలిచియుందురు. ఒక్కొక్కరి యెదుట ఒక్కొక్క ముక్కాలి పీట, దానిపై కెమేరా. నొసళ్ళకు కట్టుకొనిన చిన్న దీపములు తప్ప వేఱు వెలుగు లేదు. ఒకరి ముక్కాలి కాలు మఱియొకరి ముక్కాలి కాలికి తగులుచుండును, క్షమాపణలు గుసగుసలాడుచుండును. వారి ముందర, అగాధమునకు ఒడ్డున, వంగిన విల్లువలె ఒక రాతి తోరణము. పేరు మేసా ఆర్చ్. బండి దిగిన చోటినుండి అర మైలు లోపలి నడకయే కనుక అచ్చటికి రానివారు లేరు. రోజువిడిచి రోజు కాదు, వాతావరణము బాగున్న ప్రతి యుదయమును అచ్చట ఈ దృశ్యమే.

వరుస వెనుక ఒక వ్యక్తి అటునిటు తిరుగుచుండును. అతడు కెమేరా పట్టడు. ఒకనితో "తోరణమును మఱి కొంచెము పైకి జరుపుము" అనును. ఇంకొకనితో "సూర్యుడు కనబడిన తరువాత కాదు, కనబడుటకు ముందే సిద్ధముగా నుండుము" అనును. అతడే మార్గదర్శి. ఈ పదిమందియు అతనికి రుసుము చెల్లించి, వారము దినములపాటు అతని బండిలో, అతని వేళలకు, అతడు చెప్పిన చోటనెల్ల నిలుచుటకు ఒడంబడి వచ్చినవారు. దంతవైద్యులు, బడిపంతుళ్ళు, ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీర్లు, ఇట్టివారే హెచ్చు.

సూర్యుడు తూరుపు కొండలపై తలయెత్తును. తోరణము పైభాగము చీకటిగానే యుండును గాని, దాని అడుగుభాగము మాత్రము ఒక్కసారిగా కాగిన కుందనమువలె ఎఱ్ఱబారును. తోరణమునకు క్రింద నిలువుగా నున్న ఎఱ్ఱని కొండచరియపై ఎండ పడి, ఆ కాంతి పైకి మఱలి తోరణము కడుపున తగులుటయే దీనికి కారణము. ఆ రంగు నిలుచునది కొలది నిమిషములు. ఆ కొలది నిమిషములలో పది కెమేరాలు కొన్ని వందల మారులు కన్ను మూసి తెఱచును. పిదప అందఱు కాఫీకై బండివైపు నడతురు.

ఇది వినోదమా, విద్యయా, వ్యాపారమా? మూడును కలసినది. ఆ దేశమున ఎడారి జాతీయోద్యానముల గుండ ఇట్టి ఛాయాచిత్ర యాత్రలు నేడు విరివిగా సాగుచున్నవి. ఒక యాత్ర మరణలోయ యనదగిన డెత్ వ్యాలీలో మొదలై జయాన్, బ్రైస్ మీదుగా గ్రాండ్ కాన్యన్‌కు పోవును. మఱియొకటి ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్, కాపిటల్ రీఫ్‌ల నడుమ తిరుగును. రుసుము పుచ్చుకొని జనమును వెంటబెట్టుకొని పోవువాడు ఉద్యానశాఖ అనుమతిపత్రము పొందియుండవలెను. చూచుటకు క్రొత్త వేడుకవలె తోచును గాని, దీని వేళ్ళు నూటయేబది యేండ్ల లోతున నున్నవి.

1867లో తిమొతి ఓసలివన్ అను ఛాయాచిత్రకారుడు ప్రభుత్వము పంపిన సర్వే బృందముతో నెవాడా ఎడారికి వచ్చెను. అంతర్యుద్ధ కాలమున గెటిస్‌బర్గ్ రణభూమిలోని శవములను చిత్రించిన చేయి అతనిది. అప్పటికి ఫిలిము చుట్టలు లేవు. గాజుపలకపై కొలోడియన్ అను జిగురుద్రవము పూసి, వెండి లవణపు ద్రావణమున ముంచి, అది తడిగా నుండగనే కెమేరాలో నుంచి చిత్రము తీసి, ఆఱకమునుపే చీకటిలో కడుగవలెను. తడి ఆఱినచో పలక పనికిరాదు. ఎడారిగాలిలో తడి ఎంతసేపుండును? పలక చేసినది మొదలు కడిగినంతవఱకు నిమిషముల లెక్క. కనుక చీకటిగదిని వెంట తీసికొని పోవలసినదే. ఓసలివన్ చీకటిగది నాలుగు కంచరగాడిదలు లాగు బండి. హైదరాబాదు నిజాము ఆస్థాన చిత్రకారుడుగా పేరొందిన రాజా దీన్ దయాళ్ పనిచేసినదియు ఈ గాజుపలకలతోనే. అయితే ఆయనకు రాజాశ్రయము, నీడయు ఉండెను.

కార్సన్ ఎడారి యిసుకతిన్నెలపై ఓసలివన్ ఆ బండిని నిలిపి తీసిన చిత్రము నేటికిని ప్రసిద్ధము. తెల్లని యిసుక, దానిపై చిన్నదిగా బండి, కంచరగాడిదలు. బండినుండి చూపరివైపు నడచివచ్చిన అడుగుజాడలు. ఆ జాడలు చిత్రకారునివే. బండిలో పలక సిద్ధపఱచుకొని కెమేరా కడకు పరుగిడి వచ్చిన త్రోవ అది. అతడు వానిని చెఱపలేదు, దాచలేదు. ఈనాటి మార్గదర్శి తన శిష్యులకు మొదట చెప్పు మాట దీనికి సరిగా విరుద్ధమైనది: "తిన్నెకు ముందువైపు నడువకుడు, జాడలు చిత్రములో పడును."

ఓసలివన్ క్షయవ్యాధితో 1882లో కన్నుమూసెను. అప్పటికి నలుబది రెండేండ్లకు మించిన వయస్సు కాదు.

మార్గమునకు మార్గదర్శి కావలయునన్న నియమమును తలక్రిందులు చేసిన కథ జాన్ హిల్లర్సుది. మేజర్ పవెల్ రెండవమారు కొలరాడో నదిపై యాత్ర సాగించినపుడు, 1871లో, హిల్లర్సు పడవ నడపుటకు కూలికి కుదిరినవాడు. యాత్రతో వచ్చిన ఛాయాచిత్రకారుడు నడుమ విడిచిపోయెను. అతని స్థానమున వచ్చినవాడు జబ్బుపడెను. పడవవాడు వారి ప్రక్కన రసాయనముల సీసాలు మోయుచు నేర్చుకొనిన విద్యయే అక్కఱకు వచ్చినది. ఆ తరువాత గ్రాండ్ కాన్యన్ అంతరాళములను లోకమునకు చూపినవారిలో అతడొకడయ్యెను. గురువునకు రుసుము చెల్లింపకయే నేర్చిన విద్య యది. తెడ్డు వేయుటయే గురుదక్షిణ.

కాని ఈ చరిత్రలో మిక్కిలి మనసుకెక్కు ఘట్టము కోల్బ్ సోదరులది. ఎల్స్‌వర్త్, ఎమరీ అను నీ అన్నదమ్ములు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో గ్రాండ్ కాన్యన్ దక్షిణపుటంచున దుకాణము పెట్టిరి. బ్రైట్ ఏంజెల్ బాట వెంబడి కంచరగాడిదల నెక్కి లోయలోనికి దిగుచున్న యాత్రికులను బాట మొదటనే నిలిపి చిత్రము తీయుట, వారు సాయంకాలమునకు తిరిగి పైకి వచ్చుసరికి అచ్చులు సిద్ధముగా నుంచి అమ్ముట, ఇదియే వారి వ్యాపారము. చిక్కెల్ల నీటితోనే. లోయ అంచున మంచినీరు లేదు. నీరు లేక పలకలు కడుగుట లేదు. నీరున్నది నాలుగున్నర మైళ్ళ దూరమున, మూడు వేల అడుగుల దిగువన, ఊటలున్న ఒక చిన్న తోటలో. ఎమరీ చిత్రము తీసిన వెంటనే పలకలు సంచిలో వేసికొని, గాడిదల గుంపును దాటుకొని, ఆ బాటవెంట పరుగున దిగిపోవును. తోటకడనున్న చీకటిగదిలో కడిగి, అచ్చులు తీసి, మరల నాలుగున్నర మైళ్ళు మీదికి పరుగెత్తి, యాత్రికులకంటె ముందే అంచునకు చేరును. ఒకనాటి సాహసము కాదిది. వ్యాపారము సాగినన్నాళ్ళు నిత్యకృత్యము. కొన్ని దినములలో ఒకమారు కాక రెండుమారులు దిగి యెక్కవలసి వచ్చెడిది.

1911–12 శీతకాలమున ఆ సోదరులు చలనచిత్ర యంత్రమును పడవలపై వేసికొని కొలరాడో నదిని దిగిరి. ఆ చిత్రమును ఎమరీ తన దుకాణములోనే, స్వయముగా వ్యాఖ్యానించుచు, యాత్రికులకు చూపసాగెను. 1976లో తొంబదియైదేండ్ల వయస్సున మరణించువఱకు చూపుచునే యుండెను. అన్నయ్య ఎల్స్‌వర్త్ అంతకు పదునాఱేండ్ల మునుపే, 1960లో, గతించెను.

ఆ నీళ్ళతోట మాట కొంచెము చెప్పవలసియున్నది. అది ఎవరి పాలికిని చెందని నీరు కాదు. హవసుపాయి జాతివారు తరతరములుగా మొక్కజొన్న, చిక్కుడు పండించుకొనిన చోటది. 1919లో గ్రాండ్ కాన్యన్ జాతీయోద్యానమయ్యెను. 1928 నాటికి ఆ తోటలో మిగిలియున్న చివరి హవసుపాయి నివాసిని గూడ అధికారులు వెళ్ళగొట్టిరి. తోటకు "ఇండియన్ గార్డెన్" అను పేరు మాత్రము నిలిచిపోయెను. 2022లో దానిని "హవసుపాయి గార్డెన్స్"గా మార్చిరి. డెత్ వ్యాలీ కథయు ఇట్టిదే. 1933లో అది జాతీయ స్మారకమైనపుడు అచ్చట టింబిషా షొషోనీ జాతివారు కాపురమున్నారు; ఆ పేరు వారు మొగములకు పూసికొను కావిరాతినుండి వచ్చినది. తమ లోయలో తామే అనుమతి లేని అతిథులై డెబ్బదియేండ్లకు దగ్గఱగా గడపిన పిమ్మట, 2000లో చేయబడిన చట్టము ద్వారా ఏడు వేల ఎకరములకు పైగా నేల వారికి తిరిగి లభించెను.

ఛాయాచిత్రములకు దీనితో నిమిత్తమేమి యనవచ్చును. కొంత కలదు. నిర్మానుష్యమైన మహాప్రకృతి యను భావమును జనుల కన్నులలో నిలిపినవి ఈ చిత్రములే. చిత్రమున గుడిసె పడరాదు, కంచె పడరాదు, మనిషి పడరాదు. ఇది నేటికిని యాత్రలలో బోధింపబడు సూత్రము. హిల్లర్సు మాత్రము తాను చూచిన పయూట్ జాతివారిని గూడ పెక్కు పలకలపై చిత్రించెను. తరువాతి వారి చట్రములలోనుండి మనుష్యులు మెల్లమెల్లగా తప్పుకొనిరి.

తరువాతి వారిలో పెద్ద ఆన్సెల్ ఆడమ్స్. నేటి మార్గదర్శులందఱు తెలిసియో తెలియకయో ఆయన శిష్యపరంపరలోని వారే. 1940లో యోసెమిటీలో ఆయన మొదలుపెట్టిన శిక్షణ శిబిరములే ఈ యాత్రల పూర్వరూపము. కాంతిని నలుపునుండి తెలుపువఱకు పదునొకండు మెట్లుగా విభజించి, ఏ వస్తువు ఏ మెట్టుపై పడవలయునో చిత్రము తీయకమునుపే నిర్ణయించుకొను పద్ధతిని ఆయన ఫ్రెడ్ ఆర్చరుతో కలసి రూపొందించెను. ఎడారిలో ఈ పద్ధతి విలువ తెలియును. అచ్చట ఎండ పడిన యిసుకకు, ప్రక్కనే నున్న నీడకు నడుమ అంతరము యంత్రము ఓర్వలేనంత పెద్దది.

1941లో అంతరంగిక వ్యవహారముల శాఖ తన భవనపు గోడలకై జాతీయోద్యానముల చిత్రములు కోరగా ఆడమ్స్ ఎడారులవెంట బయలుదేఱెను. ఆ ప్రయాణముననే, నవంబరు 1వ తేదీ సాయంకాలమున, న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అను పల్లె ప్రక్కగా కారులో పోవుచు, శ్మశానపు శిలువలపై చివరి యెండయు, వాటిపై ఉదయించిన చంద్రుడును చూచెను. కారాపి దిగెను. కాంతిని కొలుచు మీటరు చేతికి దొరకలేదు. చంద్రబింబపు కాంతి యెంతయో జ్ఞాపకముండుటచేత మనసులోనే లెక్క వేసి ఒక్క పలక తీసెను. రెండవది సిద్ధపఱచుకొనులోపల శిలువలపై ఎండ పోయెను. ఈ చిత్రము తీసిన తేదీ ఆడమ్స్‌కే గుర్తులేదు. చిత్రములోని చంద్రుని స్థానమును బట్టి ఖగోళశాస్త్రజ్ఞులు దశాబ్దముల తరువాత లెక్కగట్టి చెప్పినది. గోడలకై ఉద్దేశించిన చిత్రముల పని యుద్ధమువలన ఆగిపోయెను. 2010లో గాని అవి ఆ భవనమున వ్రేలాడలేదు. ఆడమ్స్ అప్పటికి మరణించి ఇరువదియాఱేండ్లు.

మన కావ్యములకు పదునెనిమిది వర్ణనలు విధింపబడినవి. అందు సూర్యోదయ చంద్రోదయములు కలవు, శైలము కలదు, సముద్రము కలదు, ప్రయాణము కలదు. ఎడారి లేదు. మన కవులకు మరుభూమి యనగా ఎండమావి యను ఉపమానమునకు పనికివచ్చు చోటు మాత్రమే. పెన్న కోసిన గండికోట లోయను చూచినవారు దానిని గ్రాండ్ కాన్యన్‌తో పోల్చుట నేడు వాడుకైనది. అమెరికాలోని తెలుగు కుటుంబములు గ్రాండ్ కాన్యన్ అంచున నిలిచి గండికోటను తలచుకొనుటయు వాడుకయే. కాని గండికోట పచ్చని చేల నడుమనున్న గండి. డెత్ వ్యాలీ వంటిది తెలుగుసీమలో లేదు.

ఆ లోయలో బ్యాడ్‌వాటర్ అను ఉప్పుపఱ్ఱ సముద్రమట్టమునకు 282 అడుగుల దిగువన నున్నది. 1913 జూలై 10న అచ్చటి ఫర్నెస్ క్రీక్‌లో నమోదైన ఉష్ణోగ్రత 56.7 డిగ్రీల సెల్సియస్. భూమిపై నమోదైన వానిలో అదియే అత్యధికమని గుర్తింపు పొందియున్నది. కనుక యాత్రలు శీతకాలముననే సాగును. మనిషికి దినమునకు నాలుగు లీటర్ల నీరు తక్కువ కాకూడదని ఉద్యానశాఖ హెచ్చరిక. 1948 ప్రాంతమున ఆడమ్స్ ఈ లోయలోని తిన్నెలను చిత్రించుటకు తన కారుపైనున్న చెక్క వేదికమీదనే రాత్రి పండుకొని, చీకటితో లేచి, బరువైన కెమేరాతో ఇసుకలో నడచెను. అంతకు ముందు, 1937లో, ఎడ్వర్డ్ వెస్టన్ వచ్చెను. ఆయనకు కారు నడుపుట రాదు. నడిపినది, దినచర్య వ్రాసినది, ఆ యాత్రకు ధనసహాయము కోరు దరఖాస్తును తీర్చిదిద్దినది చారిస్ విల్సన్. మార్గదర్శి యన్న మాటకు ఆమె తగినంతగా అర్హురాలు. చిత్రముల క్రింద పేరు మాత్రము వెస్టనుది.

ఉదయాస్తమయములకే ఈ తపన యేల యనువారికి సమాధానము సులభము. నడిమధ్యాహ్నపు ఎండ తిన్నెను చదును చేసి చూపును. నీడ లేనిచోట ఆకారము లేదు. పొద్దు వాలినపుడు కాంతి గాలిలో ఎక్కువ దూరము ప్రయాణించి, నీలిమను దారిలో చెదరగొట్టి, ఎఱుపు పసుపులతో నేలను చేరును. అప్పుడు నీడలకు ఆకాశపు నీలము ఒక్కటియే దిక్కు. అందుచేత తిన్నె ఒక ప్రక్క బంగారము, మఱియొక ప్రక్క నీలము. జయాన్‌లో దీనికి మఱియొక సొంపు కూడును. అచ్చటి కొండలు నవాహో ఇసుకరాయి. సుమారు పదునెనిమిది కోట్ల యేండ్లకు పూర్వము గాలి పోసిన తిన్నెలే రాయిగా గట్టిపడినవి. ఆనాటి గాలి వీచిన దిక్కు ఆ రాతిపై ఏటవాలు చారలుగా నేటికిని చదువవచ్చును. ఎడారిలో నిలిచి ఎడారినే చూచుచున్నారన్నమాట.

ఇక నేల సంగతి. ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్ ప్రాంతమున పొదల నడుమ నల్లగా, బుడిపెలు బుడిపెలుగా మాడిన అట్టువలె కనబడు మట్టిపొర కలదు. చూచుటకు అది వట్టి మన్ను. నిజమునకు ప్రాణము గలది. కంటికి కానరాని నీలియాకుపచ్చ సూక్ష్మజీవులు, రాతిపూవులు, నాచులు కలసి ఇసుకరేణువులను దారములతో కుట్టినట్లు పట్టియుంచును. గాలికి నేల లేచిపోకుండ కాపాడునది, అరుదుగా కురియు నీటిని నిలుపునది అదియే. ఒక్క బూటు అడుగు చాలును దానిని చంపుటకు. మరల పట్టుటకు పదుల యేండ్లు కావలెను. కొంచెము ప్రక్కకు జరిగిన చిత్రము బాగుండునని తోచినవాడు ఆ అడుగు వేయుటకు ఎంతసేపు ఆలోచించును? మంచి మార్గదర్శి పని సగము ఇచ్చటనే యున్నది: కెమేరాలను చూచుట కాదు, కాళ్ళను చూచుట.

అట్లు చూడని మార్గదర్శులును లేకపోలేదు. 2000 సెప్టెంబరులో ఒక ఛాయాచిత్రకారుడు కొందఱు ఔత్సాహికులను వెంటబెట్టుకొని డెలికేట్ ఆర్చ్ కడకు పోయి, రాత్రివేళ చిత్రించు విధము చూపుటకై ఆ తోరణము క్రింద మంటలు వేసెను. యూటా రాష్ట్రపు వాహనముల సంఖ్యాఫలకములపై అచ్చయిన తోరణమది. రాతిపై మరకలు పడెను. అతడు న్యాయస్థానమున నేరమంగీకరించి పది వేల డాలర్లకు పైగా చెల్లించెను. లోకమునకు ఆ రాళ్ళ సౌందర్యము చూపి పేరు తెచ్చుకొనిన వారిలో అతడొకడగుటయే విచారము. గురువు నిప్పు వేసినపుడు వలదనగల శిష్యుడు ఆ గుంపులో లేకపోయెను.

రాయి తనంత తాను పడుటయు కలదు. ఆర్చెస్‌లోని వాల్ ఆర్చ్ 2008 ఆగస్టులో ఒక రాత్రి ఎవరును చూడకుండ కూలిపోయెను. ముందునాడు దానిని చిత్రించినవారు ఏమి చిత్రించితిమో ఎఱుగరు.

జాతీయోద్యానము కాకపోయినను, నవాహో జాతివారి ఏలుబడిలో అరిజోనా రాష్ట్రమున నున్న యాంటిలోప్ కాన్యన్ పేరు ఈ యాత్రల ప్రసంగమున రాక తప్పదు. నీరు ఇసుకరాతిని కోసి చేసిన సందు అది. కొన్నిచోట్ల రెండు చేతులు చాచిన రెండు గోడలు తగులును. వేసవి నడిమధ్యాహ్నమున పైచీలికనుండి ఎండ ఒక స్తంభమువలె దిగును. అది చిత్రమున కనబడుటకై మార్గదర్శి గుప్పెడు దుమ్ము ఎగురవేయుట ఒకప్పుడు వాడుకగా నుండెను. 1997 ఆగస్టు 12న అచ్చట వాన లేదు. మైళ్ళ దూరమున కురిసిన వాన నీరు గోడవలె వచ్చి దిగువ సందును నింపెను. పదునొకండుగురు యాత్రికులు మరణించిరి. ప్రాణములతో బయటపడినవాడు వారి వెంటనున్న మార్గదర్శి యొక్కడే. పిదప ఇనుప మెట్లు, హెచ్చరిక యేర్పాట్లు వచ్చినవి. నవాహో మార్గదర్శి లేక ఎవరును లోనికి పోరాదు. లోనికి దిగకమునుపు వారు చూచునది నెత్తిపై ఆకాశము కాదు, ఎగువనున్న ఆకాశము.

డెత్ వ్యాలీలో మారుమూల రేస్‌ట్రాక్ అను ఎండిన మడుగు కలదు. అచ్చటి రాళ్ళు కొన్ని, వందల కిలోల బరువైనవి సైతము, తమ వెనుక పొడవైన చాళ్ళు విడిచి ముందుకు కదలియుండును. కదలుచుండగా చూచినవారు లేక, దయ్యములు మొదలు అయస్కాంతములవఱకు కారణములు కల్పింపబడినవి. 2013 డిసెంబరులో శాస్త్రజ్ఞులు స్వయముగా చూచిరి: మడుగున నిలిచిన కొలది నీటిపై కిటికీయద్దమంత పలుచని మంచుపలక ఏర్పడును, ఉదయపు టెండకు పగిలి, పిల్లగాలికి కదలుచు, రాళ్ళను మెల్లగా నెట్టును. ఆ చాళ్ళను చిత్రించుటకై యాత్రికులు గతుకుల బాటపై గంటలకొలది ప్రయాణము చేసి వత్తురు. నేల తడిగా నున్నపుడు వచ్చినవాని బూటు గుర్తులు, బండి చక్రపు గుర్తులు, రాళ్ళ చాళ్ళ ప్రక్కనే యేండ్లతరబడి నిలిచిపోవును. కొందఱు రాళ్ళనే ఎత్తుకొనిపోయిరి. చాళ్ళున్నవి, చివర రాయి లేదు.

మెస్కీట్ తిన్నెలపై మాత్రము ఆ భయము లేదు. అచ్చట గాలికి జాడలు నిలువవు. అయినను మార్గదర్శి తన పదిమందిని తిన్నె వెనుకవైపునుండి, ఒకరి అడుగులో ఒకరు అడుగు వేయునట్లు, వరుసగా నడపించును. పొద్దు క్రుంకును, బంగారము పోయి నీలము మిగులును. ముక్కాళ్ళు మడచిన చప్పుడు. చీకటిలో నొసటి దీపములు ఒక్కటొక్కటిగా వెలుగును. అతడు వేలితో వానిని లెక్కపెట్టును. తొమ్మిది. మరల లెక్కపెట్టును. చిత్రము చాలక ఒకడింకను తిన్నె శిఖరముననే యున్నాడు. మార్గదర్శి తక్కినవారిని బండికడ నుండుమని చెప్పి, తాము వచ్చిన అడుగుజాడలను దీపపు వెలుగున వెదకుకొనుచు, తిరిగి ఇసుకలోనికి నడచును.